ఇనుము పుట్టిల్లు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న మా ఇంట్లో చిన్న సంగతి ఒకటి జరిగింది. చిన్నదని ఇప్పుడంటున్నాను గాని, ఆ క్షణాన నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా నాన్నగారికి వరండాలో ఒక పడకకుర్చీ ఉంది. పేపరు వచ్చింది మొదలు ఎండ గడప ఎక్కేదాకా ఆయన అందులోంచి లేవరు. ఎనభై రెండేళ్ల మనిషి. ఆయన్ని కదిలించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, రెండో కాఫీ వంటింట్లోనే తాగుతానని లేచి లోపలికి నడిచారు. పది అడుగులు వేశారో లేదో వెనకాల దభీమని చప్పుడు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నవాణ్ణి ఎర్ర పెన్ను చేత్తోనే పరుగెత్తుకొచ్చి చూద్దును గదా, పడకకుర్చీ గుడ్డ నిలువునా చీలిపోయి ఉంది. కింద కంచమంత సిమెంటు పెచ్చు. తల ఎత్తి చూస్తే, కప్పులో పుండు రేగినట్టు మూడు ఇనుప చువ్వలు బయటపడి ఎర్రగా, పొరలు పొరలుగా రాలిపోతూ కనిపించాయి.

మా ఇంటావిడ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి పైకి చూసింది, తరవాత నన్ను చూసింది. "అదే చోటండీ" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అదే చోటంటే ఏమిటో చెప్పాలి. మాది విశాఖపట్నం. ఇల్లు సముద్రానికి మరీ దగ్గరా కాదు, దూరమూ కాదు. రాత్రి ఊరు సద్దుమణిగితే అలల హోరు వినబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని చావగొట్టి పోయాక, ఆ ఏటి చివర్లో, వరండా కప్పు మీద అర్ధరూపాయంత గోధుమరంగు మరక ఒకటి తేలింది. వాననీళ్లు దిగి ఉంటాయనుకున్నాం. కొన్నాళ్లకి ఆ మరక గీతలా సాగింది. గీత వెంబడే వెంట్రుకంత పగులు. మా అమ్మాయి వోణీల పండగకి చుట్టాలు వస్తున్నారని దాని మీద సున్నం కొట్టించాను. ఏడాది తిరిగేసరికి మరక యథాప్రకారం పైకి వచ్చింది. ఈసారి లేచిన పెచ్చు గీకించి, లప్పం పెట్టించి, ఖరీదైన రంగే వేయించాను. "లోపల ఏదో ఉందండీ, తెలిసినవాళ్లెవరికైనా చూపిద్దాం" అని మా ఇంటావిడ అప్పుడే అంది. "నీకు ప్రతిదానికీ అనుమానమే" అన్నాను. అచ్చంగా ఈ మాటే అన్నాను, దాచుకోను.

సాయంత్రం నా పాత శిష్యుడొకడికి ఫోను చేశాను. మా కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాడు. తెలుగులో అత్తెసరు మార్కులు తెచ్చుకునేవాడు గాని, తరవాత ఇంజనీరింగు చదివి, ఇప్పుడు పాతబడ్డ కట్టడాలను బాగుచేసే పనిలో ఉన్నాడు. వస్తూ వస్తూ చిన్న సుత్తి ఒకటి తెచ్చుకున్నాడు. నిచ్చెనెక్కి కప్పంతా ఆ సుత్తితో తడుతూ పోయాడు. కొన్నిచోట్ల ఠంగుమంది. కొన్నిచోట్ల పుచ్చిన కొబ్బరికాయలా డొల్లగా మోగింది. డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. దిగేసరికి వరండా కప్పులో మూడో వంతు ముగ్గు వేసినట్టుంది.

"మాస్టారూ, ఈ మరకకి కిందటిసారి ఏం చేయించారు?"

"రంగు వేయించాను."

"అంతకుముందు?"

"సున్నం."

వాడు నవ్వలేదు. శిష్యుడు గనక నవ్వలేదు. "ఇనుము తుప్పు పడితే చిక్కిపోతుందని మనం అనుకుంటాం మాస్టారూ. ఇనుము చిక్కిపోయే మాట నిజమే గాని, పుట్టుకొచ్చే తుప్పు మాత్రం లావు. పోయిన ఇనుముకి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు కావాలి దానికి. కాంక్రీటు లోపల ఆ చోటు ఎక్కడుంది? అందుకని లోపల్నుంచి తోస్తుంది. ముందు మరక, తరవాత పగులు, ఆ తరవాత పెచ్చు. వరస ఎప్పుడూ ఇదే. మరక దగ్గరే మనకి కబురు చేసింది. మనం దాని నోటికి గుడ్డ కట్టాం" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. సరే, ఈ తుప్పు సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుగు మాస్టారికి రసాయనశాస్త్రం ఎందుకని మీరు అనవచ్చు. కప్పు ఊడి కిందపడేటప్పుడు మాస్టారు ఏ సబ్జెక్టువాడని చూడదు గదా.

మా ఊళ్లో రైలుగేటు దగ్గర నిలబడ్డవాళ్లకి ఎర్రమన్ను వేసుకుపోయే గూడ్సు బళ్లు కొత్త కాదు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి వేసిన దారి అది. బైలదిల్లా కొండల్లోని ఖనిజం ఆ దారిన మా ఊరికి దిగి, కొంత రేవుకీ కొంత ఉక్కు కర్మాగారానికీ పోతుంది. ఆ ఎర్రమన్నులో నూటికి అరవై పైచిలుకు పాళ్లు ఇనుమే. మరి ఇనుములా ఎందుకు కనబడదంటే, అది ప్రాణవాయువుతో కలిసిపోయి ఉంది. మా కిటికీ ఊచల మీద వేలు రాస్తే అంటుకునే ఎరుపు ఏమిటి? అదీ ఇనుమూ ప్రాణవాయువూ కలిసినదే. కాస్త నీరు కూడా చేరింది, అంతే. అంటే తుప్పు అనేది ఇనుముకి వచ్చిన కొత్త రోగమేమీ కాదు. భూమిలో ఉన్నప్పుడు ఇనుము ఉండే తీరే అది. మనమే కొలిమిలో కోకుబొగ్గుతో కలిపి, నీరులా కరిగేదాకా కాచి, ప్రాణవాయువు నుంచి దాన్ని బలవంతాన విడదీసి తెచ్చుకున్నాం. ఆ విడదీయడానికి పెట్టిన శక్తంతా అందులో అప్పులా నిలవుంది. సందు దొరికితే చాలు, ఆ అప్పు తీర్చేసి పాత చోటికి పోదామనే దాని ప్రయత్నం.

"అంటే పుట్టింటికి పోవడమన్న మాట" అన్నాను భోజనాల దగ్గర, నా పోలికకి నేనే మురిసిపోతూ.

"అత్తింట్లో సరిగ్గా చూసుకుంటే పుట్టింటికెందుకు పోతుంది లెండి" అంది మా ఇంటావిడ, మజ్జిగ వడ్డిస్తూ.

నాన్నగారు నవ్వారు. కప్పు పడ్డ తరవాత ఆయన నవ్వడం అదే మొదలు.

బంగారానికి ఈ బాధ లేదు. అది భూమిలోనూ బంగారంగానే దొరుకుతుంది. దానికి వేరే పుట్టిల్లు లేదు గనక మెడలో తరతరాలు అలాగే ఉంటుంది. మిగతా లోహాల్లో చాలావాటికి పోయే తొందర ఉంది. ఆ తొందరలో ఎక్కువ తక్కువలున్నాయి, అంతే.

ఇంతకీ పోయేదెలా? వట్టి గాలి చాలదు, వట్టి నీరు చాలదు, రెండూ కావాలి. తడిసిన ఇనుప ముక్క మీద ఒక చోట ఇనుము కరిగి నీటిలోకి దిగుతుంది. దిగుతూ విద్యుత్తును లోహంలో వదిలిపెడుతుంది. ఆ విద్యుత్తు లోహం వెంబడే నడిచి ఇంకో చోటికి పోయి, అక్కడ నీటిలో కలిసిన ప్రాణవాయువుకి అందుతుంది. పైన తడి రెండు చోట్లనీ కలుపుతుంది. ఆ తడిలో ఉప్పుంటే దారి మరింత సుళువు. సముద్రపు గాలి చేసే అపకారం ఇదే. మీ ఇంట్లో పాత టార్చిలైటు ఉంటే తీసి చూడండి. సెల్లు లోపలే మరిచిపోతే, అది కారి, తెల్లగా బంక కట్టి, రేకు తినేసి ఉంటుంది. పాత రకం సెల్లుకి పైన ఉండే డబ్బాయే తుత్తునాగం, అంటే జింకు. ఆ డబ్బా కరగడం వల్లే మనకి దీపం వెలుగుతుంది. ఇంట్లో దారితప్పిపోయే పనిని పట్టుకొచ్చి గొట్టంలో పెట్టి కూలి చేయించుకుంటున్నామన్న మాట. మా కప్పులోని చువ్వ కూడా ఇన్నేళ్లూ అలాంటి సెల్లే. దీపం మాత్రం వెలగలేదు.

భాష చెప్పుకునేవాణ్ణి గనక ఒక మాట. ఇంగ్లీషువాళ్లకి ఇనుముది వేరు, తక్కినవాటిది వేరు అయినట్టే మనకీ పేర్లు వేరువేరుగా ఉన్నాయి. ఇనుముకి పట్టేది తుప్పు. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము, కిలుమనీ అంటారు. ఇత్తడి చెంబుకి తుప్పు పట్టిందని ఏ ఇల్లాలూ అనదు. సంస్కృతంలో ఇనప తుప్పును మండూరమన్నారు. మన ఆయుర్వేదంవాళ్లు దాన్నీ వదలక భస్మం చేసి, రక్తం తక్కువైనవాళ్లకి పునర్నవ మండూరమని ఇస్తున్నారు. తుప్పుకి కూడా మందుగా ఉద్యోగం దొరికిన దేశం మనది.

పేర్లే కాదు, ఉపాయాలూ వంటింట్లో ఉన్నవే. నా చిన్నప్పుడు వీధిలో కళాయివాడు తోలుతిత్తి పెట్టుకుని కూర్చుంటే చుట్టూ మేమంతా మూగేవాళ్లం. ఇత్తడి గిన్నె కాల్చి, నవాచారం చల్లితే గుప్పున పొగ లేచేది. ఆ పొగతో లోపలి మురికి ఊడిపోయేది. వెంటనే తగరం ముక్క అంటించి, దూదితో ఒక్క తుడుపు తుడిచేవాడు. గిన్నె లోపల వెన్నెల పరిచినట్టయ్యేది. చింతపండు పులుసుకీ ఇత్తడికీ మధ్య ఆ తగరపు పొర ఉండాలి. లేకపోతే పులుపు రాగిని కరిగించి పులుసులో కలుపుతుంది. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచిందని మా నాయనమ్మ మా పెద్దత్తయ్యను ఊరంతా వినేలా చివాట్లు పెట్టడం నాకు బాగా గుర్తు. ఆవకాయ కూడా అంతే. జాడీలోనే పెట్టాలి. ఇప్పటి స్టెయిన్‌లెస్ స్టీలు మెరుపు చూసి మోసపోకండి. అందులో కలిపిన క్రోమియం వల్ల పైన కంటికి కనబడని పొర ఒకటి ఏర్పడి దాన్ని కాస్తుంది. అయితే ఉప్పు పట్టుపట్టి కూర్చుంటే ఆ పొరకీ చిల్లులు పడతాయి. ఊరగాయ పెట్టిన స్టీలు డబ్బా అడుగున సూదిమొనలంత మచ్చలు మీరెవరైనా చూసే ఉంటారు.

నాలుగో రోజున నాన్నగారు నోరు విప్పారు. పేపరు మడిచి పక్కన పెట్టి, "ఢిల్లీలో ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ల నుంచి ఎండలో వానలో నిలబడి ఉంది. మన చువ్వలు నీడపట్టున ఉండి కూడా నలభై ఏళ్లు నిలవలేదేమిరా?" అని మా శిష్యుణ్ణే అడిగారు. వాడు ఆ వేళ పనివాళ్లని మాట్లాడ్డానికి వచ్చాడు.

ఆ స్తంభం మీరూ చూసే ఉంటారు. కుతుబ్‌మీనార్ ఆవరణలో ఉంది. ఎత్తు 7 మీటర్ల పైచిలుకు, బరువు 6 టన్నుల పైమాట. దాని మీద సంస్కృత శాసనంలో చెప్పిన చంద్రుడనే రాజు గుప్తవంశపు రెండో చంద్రగుప్తుడని పండితులు ఎక్కువమంది అంటారు. దానికి వీపు ఆనించి చేతులు వెనక్కి కలిపితే కోరిక తీరుతుందని జనం ఎగబడేవారు. 1997లో చుట్టూ కంచె కట్టారు. దాని మహిమ ఏమిటో కాన్పూరు ఐఐటీ ఆచార్యులు బాలసుబ్రమణ్యంగారు ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పారు. మన కమ్మరులు ఆ ఇనుమును కట్టెబొగ్గుతో కరిగించి తీశారు. ఇప్పటి కొలిముల్లో వేసే సున్నపురాయి వెయ్యలేదు. అందువల్ల ఖనిజంలో ఉన్న భాస్వరం ఇనుములోనే ఉండిపోయింది. ఇప్పటి ఉక్కులో ఉండనిచ్చేదానికంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ భాస్వరం తుప్పుతోనే కలిసి, ఇనుముని అంటిపెట్టుకుని, సన్నటి గట్టి పొరగా పరుచుకుంది. ఆ పొరే అడ్డం. అంటే స్తంభానికి తుప్పు పట్టక కాదు, పట్టిన మొదటి తుప్పే దాన్ని కాపాడుతున్నది.

"అందులో ఢిల్లీ గాలి పొడి గాలి తాతగారూ" అన్నాడు మావాడు. "1961లో ఆ స్తంభం అడుగున మట్టిలో ఉన్న భాగం తవ్వి చూస్తే అక్కడ తుప్పు ఉంది. అదే ఇనుము, అదే చెయ్యి. కింద తడి ఉంది, అంతే తేడా. దాన్ని తెచ్చి మన బీచిలో నిలబెడితే ఇన్నేళ్లు ఉండేదని నేను పూచీ పడలేను."

నాన్నగారు ఊఁ అన్నారు. ఇంకేదో అడగబోయి ఊరుకున్నారు.

పని మొదలయింది. డొల్ల మోగిన చోటల్లా కొట్టించి, చువ్వ చుట్టూ వేలు దూరేంత ఖాళీ చేయించాడు. చువ్వల్ని తీగ బ్రష్షుతో తెల్లబడేదాకా తోమించాడు. మరీ సన్నబడ్డచోట కొత్త చువ్వ పక్కన పెట్టి కట్టించాడు. నాకు ఆశ్చర్యం వేసిందేమిటంటే, జేబులోంచి అరటికాయ బజ్జీ అంత బిళ్లలు కొన్ని తీసి, వాటికున్న తీగలతో చువ్వలకి అక్కడక్కడా కట్టించాడు. ఏమిటివి, రక్షరేకులా అన్నాను వేళాకోళంగా.

"రక్షరేకులే మాస్టారూ. లోపల జింకు ఉంది. ఇన్నాళ్లూ తుప్పు పట్టిన చోట చువ్వ తాను అరిగిపోతూ పక్క చోటుని కాపాడింది. ఇప్పుడు మనం దీన్ని బాగు చేసేస్తే, ఆ పక్క చోటుకి కాపలా పోయినట్టే. రెండేళ్లలో మచ్చ సరిగ్గా అతుకు అంచున మళ్లీ తేలుతుంది. అందుకని ఇనుము కంటే తొందర ఎక్కువున్న జింకుని కట్టాం. అరిగేది అది అరుగుతుంది, ఇనుము ఉంటుంది."

ఈ ఉపాయం ఎవరిదో వెతికితే నాకు ఒక మంచి కథ దొరికింది. అది ఓడల కథ.

పూర్వం ఓడలు చెక్కవి. వాటి అడుగుభాగాన్ని సముద్రపు పురుగులు తొలిచేసేవి. దానికి ఇంగ్లీషువాళ్లు 1761లో అలారమ్ అనే యుద్ధనౌక అడుగుకి రాగిరేకు తాపడం చేశారు. రెండేళ్ల తరవాత 1763లో తీసి చూస్తే రేకు బాగానే ఉంది గాని, దాన్ని పట్టుకున్న ఇనుప మేకులు చాలాచోట్ల పిండిలా అయిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకా అని చూస్తే, అక్కడ రాగిరేకు చుట్టి పంపిన కాగితం తీయకుండానే బిగించేశారు. రాగికీ ఇనుముకీ మధ్య ఆ కాగితం అడ్డుపడింది. ఎవడో పనివాడు బద్ధకించిన చోట ఇనుము బతికిపోయింది! రెండు లోహాలు ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకితే, తొందర ఎక్కువున్నది రెండోదాని కోసం అరిగిపోతుందని అప్పటికి పుస్తకాల్లో లేదు.

అరవై ఏళ్ల తరవాత ఇదే దోషాన్ని గుణంగా మార్చినవాడు సర్ హంఫ్రీ డేవీ. ఓడల రాగిరేకే ఉప్పునీటిలో తినుకుపోతున్నదని నౌకాశాఖవారు మొరపెట్టుకుంటే, 1824లో ఆయన రాగికి చిన్న చిన్న జింకు ముక్కలో, పోత ఇనుము ముక్కలో తగిలించమన్నాడు. ఆయన అన్నట్టే జరిగింది. ముక్కలు అరిగాయి, రాగి మాత్రం మెరుస్తూ నిలిచింది. తీరా ఓడలు సముద్రం మీదికి పోయి వచ్చాక చూస్తే, అడుగంతా నాచూ గుల్లలూ అట్టలు కట్టి ఉన్నాయి, నడక మందగించింది. అంతకుముందు రాగి కొంచెం కొంచెంగా కరుగుతూ ఉండేది. ఆ కరిగిన రాగే విషమై గుల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. డేవీగారు రాగిని పూర్తిగా కాపాడి దాని ఉద్యోగం ఊడగొట్టారు. పాపం, అంతటి శాస్త్రవేత్త ఈ ఒక్కదానికి మాటలు పడ్డాడు. ఆయన ఆలోచన మాత్రం చావలేదు. ఇనుప ఓడల అడుగున ఇప్పటికీ జింకు దిమ్మెలు బిగిస్తారు. మీ స్నానాలగదిలో గీజరు ఉంటే దాని లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. రిపేరువాడు తీసి చూపిస్తే కొరికి వదిలిన చెరుకుముక్కలా ఉంటుంది. అది అరిగినన్నాళ్లు ట్యాంకు అరగదు. పూర్తిగా అయిపోయాక మార్చకపోతే ఇక ట్యాంకు వంతు. తెల్ల బకెట్టు మీద జింకు పూతా ఇదే కుటుంబం. బకెట్టు గీరుకుపోయినా పక్కనున్న జింకు ఆ గీతను కాస్తుంది. తగరం పూసిన రేకుడబ్బా గీరుకుపోతే మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ ఇనుముకే తొందర ఎక్కువ గనక గీత దగ్గరే వేగంగా తినేస్తుంది.

లోకం మొత్తం మీద ఈ తుప్పు ఖర్చు 2013 లెక్కల ప్రకారం ఏటా 2.5 లక్షల కోట్ల డాలర్లని 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక చెప్పింది. ఇప్పటికే తెలిసిన ఉపాయాలు సరిగ్గా వాడితే అందులో నూటికి 15 నుంచి 35 పాళ్లు మిగులుతాయట. అంత పెద్ద అంకె నా బుర్రకెక్కదు గాని, నేను వేయించిన రెండు రంగుల ఖర్చు మాత్రం బాగా ఎక్కింది.

ఇక అసలు సంగతి. పని మొదలయిన మూడో రోజు రాత్రి నాన్నగారు నన్ను పక్కన కూర్చోమన్నారు.

"ఆ కుర్రాడు సిమెంటు గురించి ఏదో చెప్తున్నాడు. ఉప్పు అంటున్నాడు. ఏమిటది?" అన్నారు.

చెప్పాను. మంచి కాంక్రీటు సున్నంలా క్షారగుణం ఉన్నది. అది చుట్టూ ఉన్నంతకాలం ఇనుము మీద సన్నటి పొర ఒకటి నిలిచి, చువ్వ నిద్రపోతున్నట్టు ఉంటుంది. రెండు వస్తువులు దాన్ని లేపుతాయి. ఒకటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది ఏళ్ల మీద కాంక్రీటులోకి దిగి క్షారాన్ని చంపుతుంది. రెండోది ఉప్పు. ఉప్పు బయటినుంచి గాలితోనూ రావచ్చు, కట్టేటప్పుడే నీళ్లతోనూ ఇసకతోనూ లోపలికి పోవచ్చు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు.

"1987లో శ్లాబు వేశాం. ఆ ఏడే మీ అక్క పెళ్లి" అన్నారు చివరికి. "ట్యాంకరు నీళ్లు తెప్పించాలంటే డబ్బు చాలలేదు. పెరట్లో నూతి నీళ్లే పోయించాను. ఉప్పగా ఉన్నాయి బాబూ అని మేస్త్రి చెప్పాడు కూడాను. కలిపేవి నీళ్లే గదా, తాగుతామా ఏమిటి అన్నాను."

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ నుయ్యి గుర్తుంది. దాని నీళ్లతో పప్పు ఉడికేది కాదని అమ్మ విసుక్కునేది. ఆ పెళ్లికి నాన్నగారు చేతి గడియారం కూడా అమ్మారని తరవాతెప్పుడో విన్నాను. ఏమనాలో తోచలేదు. ఏమైనా అనడానికి, రెండుసార్లు రంగు వేయించినవాణ్ణి నేనే గదా.

మర్నాడు ఈ మాట మా శిష్యుడితో విడిగా చెప్పాను. వాడు తిన్నగా నాన్నగారి దగ్గరికే పోయి కూర్చున్నాడు. కిందపడిన పెచ్చు ముక్క ఒకటి ఆయన చేతిలో పెట్టి, "చూడండి తాతగారూ, చువ్వ కింద కాంక్రీటు ఎంత మందం ఉందో" అన్నాడు. చిటికెనవేలి గోరంత లేదు. "ఉప్పుగాలి తగిలే చోట 45 మిల్లీమీటర్లు ఉండాలని ఇప్పటి మన దేశపు ప్రమాణం. అప్పట్లో చువ్వల కింద ఓ రాతిపలుకు పెట్టేవారు. శ్లాబు పోసేటప్పుడు కూలీలు తొక్కితే చువ్వలు పలుకుల మీదినుంచి జారి రేకుకి ఆనుకునేవి. నూతి నీళ్లొకటే కాదు, ఇదీ ఉంది, సముద్రమూ ఉంది. అన్నీ కలిశాయి."

"నీళ్లు మాత్రం నేను పోయించినవే" అన్నారు నాన్నగారు. వాడు కాదనలేదు. అందుకు నాకు వాడిమీద గౌరవం పెరిగింది. తెలుగులో ఇంకో పది మార్కులు వేసి ఉండవలసింది.

నిన్న అతుకుల పని ఆఖరి రోజు. సందులో డ్రమ్ముతో నీళ్లు దించారు. మేస్త్రి తట్టలో మసాలా పోసుకుని, చెంబు ముంచబోతుంటే నాన్నగారు కర్ర పోటేసుకుని పెరట్లోకి వచ్చారు. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు. వంగి, డ్రమ్ములో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. మేస్త్రి తెల్లబోయి నావంక చూశాడు. నాన్నగారు ఇంకోసారి ముంచి రుచి చూశారు.

"ఊఁ, కానివ్వండి" అన్నారు.